దులపని గడప

రోజు 1

ఈ పుస్తకం నా చేతికిస్తూ గట్టయ్య కాక ఒక్కటే షరతు పెట్టాడు. ఇందులో తేనెటీగల సంగతి రాయాలి, నా గొప్పలు రాయకూడదు. ఆయన మా బాయికి పెద్ద. పైన ఎండకు తాళలేక ఈ పాత బొగ్గు బాయి సొరంగాల్లో కాపురముంటున్న మూడు వేల మందికి నీళ్లూ గాలీ దీపాలూ పంచేది ఆయనే, కాబట్టి ఆయన మాట కాదనను. అయితే ఈగలను తెప్పించింది ఎవరు? ఆరేళ్లపాటు ఆయన చెవిలో జోరీగలా మొత్తుకున్నది ఎవరు? నేను, ఓదెలును. ఇది గొప్ప కాదు, సమాచారం.

మొదటి షిఫ్టు సైరన్‌కు ముందే పెట్టె దిగింది. గుట్టలవాళ్లు ఏడాదికి ఒక్కసారే, తొలి వానలకు పైన ఎండ కాస్త తగ్గినప్పుడు, బాయి నోటి దాకా వస్తారు. ఉప్పు ఇచ్చి ఇనుము పట్టుకుపోతారు. ఈసారి ఉప్పు మూటల మధ్య గోనె కప్పిన చెక్కపెట్టె కూడా ఉంది. లోపల మైనం గదులు కట్టిన ఐదు చెక్క ఫ్రేముల నిండా ఈగలు, ఒకే ఒక్క రాణి. పెట్టెకు ఒక చీటీ అంటించారు. "రాణిని నలపకండి. మాటిమాటికీ మూత తీయకండి. పూలు చూపిస్తే చాలు, మిగిలింది అవే చూసుకుంటాయి." అంతే. వాళ్లు అమ్మమ్మల కాలం నుంచీ ఈగలతోనే బతుకుతున్నారు. వాళ్లకు అన్నం తిన్నంత మామూలు సంగతులు చీటీలో ఎందుకు రాస్తారు?

పెట్టెను దీపాల వెలుగులో పంటలు పండించే ఏడో గ్యాలరీలో పెట్టాం. ఒప్పందం ఇది: నూట ఇరవయ్యో రోజున కాక వచ్చి మూత తీస్తాడు. ఈగలు ఐదు ఫ్రేములకు తగ్గకుండా ఉంటే గ్యాలరీ ఈగలది. తగ్గితే ఇక్కడి దీపాలన్నీ తిండికి పాచి పెంచే తొట్లకు పోతాయి. అప్పుడు బాయి అంతా మూడు పూటలా పాచిముద్దే తినాలి, నేను మళ్లీ కింద నీళ్ల లెవెల్లో దీపాలు మార్చుకుంటూ బతకాలి.

రోజు 2

ఈగలకు దీపం కొత్త. తలుపు తెరవగానే నలభై యాభై నేరుగా పైకి వెళ్లి దీపాలకు టపటపా కొట్టుకున్నాయి. ఇరవై ఏళ్లు దీపాలు బాగుచేసినవాడిని కాబట్టి నిచ్చెనెక్కి కింద పల్చటి గుడ్డ కట్టాను, రెండు ఊదారంగు ట్యూబులు కలిపాను. రెండో షిఫ్టులో ఒక ఈగ దిగి ఆవపువ్వు మీద వాలింది. తర్వాత మూడు వచ్చాయి. షిఫ్టు అయ్యేసరికి ఆవాల మడి మొత్తం సన్నగా మోగుతోంది.

ఇక్కడ పూలన్నిటినీ రోజూ కోడి ఈకతో ఒక్కొక్కటిగా తాకి, ఒక పువ్వు పొడి ఇంకో పువ్వుకు అద్దడానికి అరవై మంది ఉన్నారు. వాళ్లంతా ఈకలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మాలో ఎవరికీ ఆ చప్పుడు తెలియదు. నాకు ఏడుపొచ్చింది. ఇది ఈగల సంగతి కాకపోయినా రాస్తున్నాను.

పెట్టెకు ఒక పక్క అద్దం బిగించాను కాబట్టి మూత తీయకుండా చూడొచ్చు. చూసినవి: తేనె గదులు కొన్ని. గుడ్లు. పురుగుల్లాంటి తెల్లటి పిల్లలు, ఒక్కొక్కటీ పాలలాంటి చుక్కలో ముడుచుకుని ఉంది. వాటి చుట్టుపక్కల గదుల్లో పసుపు, నారింజ రంగు మట్టి గట్టిగా అంటుకుని ఉంది. గుట్టల నుంచి వచ్చేటప్పుడు దారిలో పడిన దుమ్ము కాబోలు. గీకేద్దామనుకున్నాను గానీ చీటీ గుర్తొచ్చి ఊరుకున్నాను.

రోజు 4

తనిఖీకి గాలి ఆఫీసరు వచ్చింది. గాలి ఆఫీసరు పేరు స్వరూప. నా భార్య.

మా బాయిలో ప్రతి గడపకూ ఒక కుంచె వేలాడుతుంటుంది. వచ్చినవాళ్లను గడప బయటే నిలబెట్టి, భుజాలూ వీపూ మోచేతులూ దులిపి, ఆ తర్వాతే లోపలికి రమ్మంటాం. పెళ్లిలో అమ్మాయీ అబ్బాయీ ఒకరినొకరు దులుపుకుంటారు. ఎవరింటికైనా వెళ్తే దులపకుండా నిలబెట్టారంటే ఆ ఇంటితో ఇక మాటల్లేనట్టే. తాతలు బొగ్గు తవ్విన రోజుల్లో మొదలైన పద్ధతి ఇది. స్వరూప వాళ్ల నాన్న, మా మామ, ఊపిరితిత్తుల నిండా దుమ్ము పేరుకుని యాభై నిండకుండానే పోయాడు. ఆ తర్వాతే స్వరూప ఈ ఉద్యోగంలో చేరింది. ఇరవై రెండేళ్లుగా నన్ను రోజూ గడప దగ్గర మేకను దులిపినట్టు దులుపుతోంది, నేనూ ఆమెను దులుపుతున్నాను. మా ఇద్దరి మధ్య ఎంత గొడవున్నా అది మాత్రం ఒక్క రోజూ మానలేదు.

ఈగలను చూసి ఆమె ముందు ముచ్చటపడింది. తర్వాత కళ్లు చిన్నవి చేసి పెట్టె తలుపు దగ్గర వంగింది. ఒంటినిండా పొడితో, కాళ్లకు రెండు పక్కలా మట్టి ఉండలతో ఈగలు నేరుగా ఇంట్లోకి దూరిపోతున్నాయి.

"మనుషులను దులుపుతున్నం, మేకలను దులుపుతున్నం. గివ్విటికేం వేరే చట్టం ఉన్నదా?" అంది. మూడు రోజుల్లో ఏదో ఒకటి చేయకపోతే పెట్టెకు సీలు వేస్తానంది. వేస్తుంది కూడా. పోయినేడు మా ఇంటి వంటగదికే వేసింది.

రోజు 6

చేశాను. ఇందులో గొప్పలు రాయకూడదు గానీ, ఇంత చక్కటి పని నా జన్మలో చేయలేదు. పెట్టె తలుపుకు సన్నటి గట్టి వెంట్రుకల కుంచెలు రెండు వరుసలుగా బిగించి, మధ్యలో ఈగ ఒళ్లు రాసుకుంటూ దూరేంత సందు వదిలాను. కింద ఒక రేకు పళ్లెం పెట్టాను. ఈగ దూరుతుంది, కాళ్లకున్న ఉండలు ఊడి పళ్లెంలో పడతాయి, ఈగ శుభ్రంగా ఇంట్లోకి పోతుంది. పువ్వుకు అందాల్సిన పొడి తోటలో తిరిగేటప్పుడే పువ్వుకు అందుతుంది. ఇంటికి మోసుకొచ్చేది ఎటూ దుమ్మే కదా.

స్వరూప అరగంట నిలబడి చూసి బాగుందని ఒప్పుకుంది. గట్టయ్య కాకయితే అతిథులకు చేసే మర్యాద ఈగలకూ చేశానని నలుగురిలో మెచ్చుకున్నాడు. రోజూ పళ్లెం తీసుకెళ్లి దుమ్ము గొయ్యిలో పోసే పని బుచ్చవ్వకు అప్పగించారు. బుచ్చవ్వకు డెబ్బై ఏళ్లు. మా బాయిలో యాభై ఏళ్లుగా దుమ్ము ఎత్తుతున్నది ఆమే.

రోజు 15

తేనె. ఒక ఫ్రేము అంచున చెంచాడు తీశాను. గట్టయ్య కాక తన పాచిముద్ద మీద ఒక చుక్క వేసుకుని తిన్నాడు. ఇంకో చుక్క అడిగాడు. ఇవ్వలేదు. ఈగల తిండి ఈగలదే.

గుమ్మడి పిందెలు ఈసారి ఈక తాకకుండానే నిలబడ్డాయి. ఈకల జట్టు వాళ్లు నన్ను చూసినప్పుడల్లా నవ్వుతున్నారు. పిందెలు కట్టినందుకో, తమ బొటనవేళ్లకు విశ్రాంతి దొరికినందుకో.

రోజు 24

గదుల్లో ఉన్న రంగుమట్టి పూర్తిగా పోయింది. ఈగలే శుభ్రం చేసుకున్నట్టున్నాయి. పద్ధతైన ప్రాణులు.

ఒక్కటే అర్థం కావడం లేదు. రాణి గుడ్లు పెడుతోంది. గుడ్లు పగిలి పిల్లలు బయటికి వస్తున్నాయి. మూడో రోజుకల్లా ఆ గదులు ఖాళీగా ఉంటున్నాయి.

రోజు 31

నాలుగు ఫ్రేములకు తక్కువే. ముసలి ఈగలు రోజూ పోతున్నాయి, వాటి స్థానంలో కొత్తవి రావడం లేదు. తేనె మాత్రం నిండుగా ఉంది. ఆకలి కాదు కాబట్టి ఇంకేదో అయి ఉండాలి. ఊదా ట్యూబుల్లో ఒకటి తీసి చూశాను. పెట్టె చల్లబడుతోందేమోనని నా దుప్పటి కప్పాను. గట్టయ్య కాక చుట్ట వాసన పడటం లేదేమోనని ఆయన్ను గ్యాలరీకి రావద్దన్నాను. ఆయన నొచ్చుకున్నాడు గానీ రావడం మానేశాడు.

వచ్చిన కొత్తలో పిల్లలు పాలలో మునిగి ఉండేవి. ఇప్పుడు తడి లేని గదుల్లో పడి ఉంటున్నాయి. రాణికే జబ్బేమో. ఇంకో రాణి కావాలంటే వచ్చే ఏడు వానలకు గుట్టలవాళ్లు రావాలి. అప్పటికి అడగడానికి ఏమీ మిగలదు.

రోజు 38

ఈరోజు చూసింది రాయబుద్ధి కావడం లేదు. ఒక చిన్న ఈగ గదిలో తల పెట్టి పిల్లను బయటికి లాగి తినేసింది. పక్కన ఇంకొకటి కూడా అదే పని చేస్తోంది. నేను అద్దం మీద చేత్తో కొట్టాను, అదేదో నా మాట వింటాయన్నట్టు. ఆరేళ్లు కాళ్లావేళ్లా పడి తెప్పించుకున్నది వీటినా అనిపించింది. ఇంటికి పోయి అన్నం ముట్టలేదు. ఏమైందని స్వరూప అడిగితే చెప్పాను. ఆమె కంచం నా వైపు ఇంకాస్త జరిపింది.

రోజు 46

ఒకటిన్నర ఫ్రేము. గట్టయ్య కాక మనిషిని పంపి పాచి తొట్లకు గ్యాలరీ కొలతలు తీయించాడు. ముందుజాగ్రత్త కోసమేనని కబురు పెట్టాడు. కొలతలు తీస్తున్నంతసేపూ నేను టేపు చివర పట్టుకున్నాను. ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా.

రోజు 47

ఈ రోజు సంగతి ఉన్నదున్నట్టు రాస్తాను. ఎప్పటికైనా ఎవరైనా ఈగలు తెచ్చుకుంటే ఈ పేజీ చదవాలి.

పళ్లెం తీసుకోవడానికి వచ్చిన బుచ్చవ్వ నా మొహం చూసి పక్కన కూర్చుంది. ఈగలు పోతున్నాయని, పిల్లలు నిలవడం లేదని చెప్పాను. ఆమె కాసేపు వింది, తర్వాత చీర చెంగు కింది నుంచి గాజు జాడీ ఒకటి తీసి నా ముందు పెట్టింది. జాడీ నిండా గింజలంత ఉండలు. పసుపువి, నారింజవి, మీగడ రంగువి, తెల్లనివి. గొయ్యిలో పోయమని ఇచ్చిన దుమ్ము ఆమె ఒక్క రోజు కూడా పోయలేదు. ఇంట్లో దాచుకుంది. అది ఎంత పెద్ద తప్పో బాయిలో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఎందుకు పోయలేదని అడిగాను.

"దుమ్ము సంగతి నాకు చెప్పకు బిడ్డా," అంది. "యాభై ఏండ్ల సంది ఎత్తుతున్న. దుమ్ములో అన్ని కలిసిపోతయి. ఏ మూలకెల్లి ఎత్తినా బూడిద లెక్కనే ఉంటది. గిది సూడు. పసుపుది పసుపే, తెల్లది తెల్లదే. ఒక్క ఉండల రెండు రంగులు కలిసింది ఒక్కటన్న ఏరి సూపియ్."

వెతికాను. దొరకలేదు. ఆవాలది ఆవాలదే, పొద్దుతిరుగుడుది పొద్దుతిరుగుడుదే, మొక్కజొన్నది మొక్కజొన్నదే. అంటే ఈగ ఒక్కో విడతకు ఒక్కో రకం పువ్వుకే పోయి, ఆ పొడినే ఏరి, ముద్ద చేసి తెస్తోంది. ఒంటికి అంటుకున్నది అలా ఉండదు. ఇది పనిగట్టుకుని తెచ్చుకున్నది.

"నాలిక మీద కూడ ఏసుకున్న," అంది బుచ్చవ్వ కాస్త గొంతు తగ్గించి. "తియ్యగున్నది."

నేనూ ఒకటి వేసుకున్నాను. పొడిపొడిగా, కాస్త వగరుగా ఉంది, వెనకనుంచి తేనె రుచి తగిలింది. ఉండ కట్టడానికి తన నోటి తేనె కలిపిందన్నమాట. పారేసేదానికి ఎవరైనా తేనె ఖర్చు పెడతారా?

అప్పుడు బుచ్చవ్వ అద్దంలోంచి ఖాళీ గదుల కేసి చూస్తూ, ముందు పిల్లల చుట్టూ పాలుండేవని నేనన్నది నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను. ఆ పాలు ఎవరిచ్చేవారని అడిగింది. పడుచు ఈగలు గదుల్లో తల పెట్టి ఇస్తుండగా చూశానన్నాను. ఆ పడుచువి ఏం తినేవని అడిగింది. రెండో రోజు చూసిన ఆ రంగుమట్టి గదుల్లోనే అవి తలలు దూర్చేవి. మట్టి అయిపోయింది, పాలు ఎండిపోయాయి.

"బాలింతకు తిండి పెట్టకుంట పాలు ఏడికెల్లి వస్తయి ఓదెలూ? తేనె తోటకు పోయే పనోళ్ల తిండి. గిది పాలిచ్చేటోళ్ల తిండి. నువ్వు నలభై రోజుల సంది వాకిట్ల నిలబడి వాళ్ల మూట గుంజుకుంటున్నవ్."

మర్యాద చేస్తున్నాననుకున్నాను. పిల్లలను తినేసిన ఆ ఈగలను ఎన్ని తిట్లు తిట్టానో. ఆకలితో పాలు రాక, పెంచలేని పిల్లలను అలా చేశాయి. ఆ కుంచె నేను నా చేతులతో బిగించాను. సిగ్గుతో బుచ్చవ్వ మొహం చూడలేక తల వంచుకుని ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, ఏడ్చింది చాలు, పోయి నీ పెండ్లాన్ని పిలుచుకురా అంది.

రోజు 48

కుంచె తీయాలంటే స్వరూప సంతకం కావాలి. గాలి చట్టంలో మినహాయింపు రాసే అధికారం ఆమె ఒక్కదానికే ఉంది. ఇరవై రెండేళ్లలో ఒక్కటీ రాయలేదు.

జాడీ చూడగానే మొహం మాడ్చింది. ఎత్తిన దుమ్మును ఇంట్లో దాచినందుకు బుచ్చవ్వను ఏమీ అనలేక నన్నే చెడామడా తిట్టింది. నేను జరిగినదంతా చెప్పాను. ఆమె నమ్మలేదు. తన నాన్న కూడా ఇది వట్టి బొగ్గు పొడి, ఏం కాదు అనేవాడంది. చూసి చెప్పు, అంతకుమించి ఏమీ అడగనన్నాను.

ఆమె సంచిలోంచి దుమ్ము చూసే భూతద్దం తీసింది. గాలి ఆఫీసర్ల దగ్గర ఉండేది, ఇత్తడి గొట్టం లాంటిది. ఉండను గాజుపలక మీద నీటిచుక్కలో చిదిపి చూసింది. ఆమె చూస్తూనే ఉంది. పసుపుది చూసింది, తెల్లది చూసింది, నారింజది రెండుసార్లు చూసింది.

"రాయి కాదు," అంది చివరికి. "బొగ్గు కాదు, బూజు కాదు. రాయి పొడి అయితె ముక్కలు ముక్కలు ఉంటది, అంచులు కోసినట్టు ఉంటయి. అదే మా నాయిన పానం తీసింది. గిది ఏ రంగుకు ఆ రంగు అన్ని ఒక్క తీరున్నయి. గీ నారింజదైతె గుండ్రంగ, ముండ్లు ముండ్లు, కాకరకాయ లెక్క. సూడు నువ్వు."

చూశాను. ఒకే అచ్చులో పోసినట్టు, ముళ్లముళ్లుగా చిన్న బంతులు. ఇన్నాళ్లు దీన్ని మట్టి అన్నాను.

స్వరూప లేచి పెట్టె దగ్గరకు వెళ్లింది. స్క్రూలు నేను తీస్తానన్నా వినలేదు. రెండు కుంచెలూ తనే విప్పి సంచిలో వేసుకుంది. తర్వాత ఈ పుస్తకం లాక్కుని కింది నాలుగు పంక్తులు రాసింది. అవి ఆమె చేతిరాత:

గాలి చట్టానికి మినహాయింపు, ఒకటోది. ఏడో గ్యాలరీ, ఈగల పెట్టె. ఈ గడప దగ్గర ఎవరినీ దులపరాదు. దులిపినవారిపై చర్య తీసుకోబడును. కె. స్వరూప, గాలి ఆఫీసరు.

రోజు 49

బుచ్చవ్వ జాడీలో సగం పొడిని తేనెతో కలిపి ముద్ద చేసి ఫ్రేముల మీద పెట్టాం. ఈగలు దాని మీద పడ్డ తీరు చూస్తే మళ్లీ ఏడుపొచ్చింది. ఈసారి గట్టయ్య కాక కూడా పక్కనే ఉన్నాడు. చుట్ట లేకుండా వచ్చాడు.

రోజు 52

భూతద్దం నా దగ్గరే ఉంచుకోనిచ్చింది స్వరూప. నిన్నంతా పువ్వు దగ్గర, ఈరోజంతా అద్దం దగ్గర కూర్చున్నాను. నాకింత సంతోషం ఎప్పుడూ లేదు.

ఈగ పువ్వులో దిగి పొర్లుతుంది. ఒంటి నూగంతా పొడి పట్టుకుంటుంది, దువ్వెనకు వెంట్రుకలు ఎగబడ్డట్టు పొడే దాని మీదికి ఎగురుతుంది. గాల్లో నిలబడి ముందుకాళ్లతో మొహం తుడుచుకుని, నోటి తేనెతో తడిపి, మధ్యకాళ్లకు, అక్కడినుంచి వెనకకాళ్లకు అందిస్తుంది. వెనకకాలి మీద చుట్టూ వెంట్రుకలున్న చిన్న పల్లం ఉంది. అందులోకి అదిమి అదిమి ముద్ద చేస్తుంది. ఒంటి బరువులో మూడో వంతు ఉండే మూట, కాలు కదిలించడానికి కూడా లేకుండా మోసుకొస్తుంది. ఇంట్లోకి రాగానే ఖాళీ గదిలో వెనకకాళ్లు పెట్టి రెండు ఉండలూ రాల్చి, మళ్లీ తోటకు పోతుంది. ఇంకో ఈగ వచ్చి ఆ గదిలో తల దూర్చి, తలతోనే పొడిని గట్టిగా కూరుతుంది. గది ముప్పాతిక నిండాక పైన తేనె పోస్తాయి. మా అమ్మ పచ్చడి జాడీలో ముక్కలు అదిమి పైన నూనె పోసేది, చెడకుండా ఊరుతుందని. అచ్చం అదే పని.

బుచ్చవ్వకు చూపిస్తే, వీళ్లకు ఇంట్ల పెద్దమనిషి ఉన్నట్టున్నది అంది.

రోజు 55

ఒక పిల్ల పాలలో తేలుతోంది. నాలుగో రోజు. ఈ నెల రోజుల్లో నాలుగో రోజు చూసిన పిల్ల లేదు. స్వరూపను పిలిచాను, బుచ్చవ్వను పిలిచాను, ఈకల జట్టు అరవై మందినీ పిలిచాను. అద్దం దగ్గర వరుస కట్టి ఒక్కొక్కరూ చూసి వెళ్లారు. ఒకామె వంగి చూసి, తన మొదటి కాన్పు అప్పుడు కూడా ఇంతమంది రాలేదంది.

రోజు 63

ఒక ఫ్రేము. అంతే మిగిలింది. ముసలివి పోతున్నాయి, కొత్తవి ఇంకా మూసిన గదుల్లో ఉన్నాయి. ఇప్పుడు గనక చలి పడితే కప్పి కాపాడేవాళ్లు చాలరు. నా దుప్పటి మళ్లీ పెట్టె మీదికి వెళ్లింది. ఈసారి స్వరూప తన దుప్పటి కూడా తెచ్చి కప్పింది. మేం ఇద్దరం గోనెసంచి కప్పుకుని పడుకుంటున్నాం. ఇది కూడా ఈగల సంగతే.

రోజు 72

పొద్దున మొదటి షిఫ్టులో ఒక గది మూత కదిలింది. లోపలినుంచి కొరుకుతూ, మీసాలు రెండు బయటికి వచ్చాయి. తర్వాత తల. తర్వాత నూగుతో బూడిదరంగులో ఉన్న ఒళ్లు. బయటికి వచ్చి నాలుగడుగులు తడబడి నడిచి, ఆ పక్కనే ఉన్న పసుపు పొడి గదిలో తల పెట్టింది. పుట్టగానే చేసిన మొదటి పని అదే. నలభై రోజులు దాచిన జాడీ పొడితో, బుచ్చవ్వ తప్పుతో పుట్టిన పిల్ల అది. బుచ్చవ్వ దాన్ని చూసి, మా మనవరాలు అంది. పేరు కూడా పెట్టింది గానీ, అరగంటలో అలాంటివి ఇరవై అయ్యేసరికి ఏది ఏదో తెలియక ఊరుకుంది.

రోజు 91

రెండున్నర. మా లెక్కకు ఒక్క పిల్లను పెంచడానికి పది పన్నెండు మూటల పొడి పడుతోంది. రోజూ ఎన్ని వందల గదులు నిండుతున్నాయో చూస్తూ, ఆ నలభై రోజుల్లో పళ్లెంలో పడ్డది ఇప్పటికీ తలుచుకుంటున్నాను. బుచ్చవ్వ అలా తలుచుకోవద్దంటోంది. తలుచుకోకుండా ఉండలేనన్నాను. అయితే పని చేసుకుంటూ తలుచుకో అంది.

పిల్లలు ఎక్కువున్న రోజుల్లో ఈగలు పొడి కోసం ఎక్కువ పోతున్నాయి, తక్కువున్న రోజుల్లో తేనెకే పోతున్నాయి. ఇంట్లో ఎన్ని నోళ్లున్నాయో తోటలో ఉన్నదానికి ఎలా తెలుస్తుందో నాకింకా అర్థం కాలేదు. గుట్టలవాళ్లు వచ్చినప్పుడు అడగాల్సిన వాటిలో ఇది ముప్పై రెండోది.

రోజు 108

నాలుగు. గట్టయ్య కాక దారిలో కనబడి, చూడబోతే ఐదు అయ్యేట్టుందే అన్నాడు. నేను మాట మార్చాను. నోటితో అంటే దిష్టి తగులుతుంది.

రోజు 120

కాక వచ్చాడు. వెనక సగం బాయి వచ్చింది. మూత తీసేటప్పుడు ఈగలు రేగకుండా స్వరూప పొగడబ్బా పట్టుకుంది. ఒక్కో ఫ్రేము తీసి కాకకు చూపించాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు, అంచుదాకా ఈగలే. ఖాళీగా పెట్టిన ఆరో ఫ్రేములో కూడా ఒక పక్క కొత్త మైనం గదులు కట్టేశాయి. కాక కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. పాచి తొట్లకు తీసిన కొలతల కాగితం జేబులోంచి తీసి నాకే ఇచ్చాడు.

"దీని ఎనుక ఈగల లెక్క రాసుకో," అన్నాడు. "కాగితం దండుగ చెయ్యకు."

ఈకల జట్టు వాళ్లు గుమ్మడికాయలు కోసి కూర వండారు. ఇకనుంచి వాళ్లు పూలు తాకరు, నారు పోస్తారు. బుచ్చవ్వను నడుమ కూర్చోబెట్టారు. జాడీలో మిగిలిన సగం పొడి ఇంకా ఆమె దగ్గరే ఉంది. దాన్ని ఇకనుంచి ఎప్పుడూ నిండుగా ఉంచాలని, పూలు లేని రోజులకు ఈగల కోసం దాచాలని కాక హుకుం వేశాడు. ఎత్తిన దానిని దాచడం మా బాయిలో తప్పు కాని చోటు ఇప్పుడు ఇదొక్కటే ఉంది.

అన్నీ అయ్యాక స్వరూపా నేనూ ఇంటికి నడిచాం. షిఫ్టంతా ఆవాల మడిలో జనాన్ని సర్దుతూ తిరిగింది కాబట్టి ఆమె భుజాల మీద, జబ్బల మీద, ముక్కు కొసన కూడా పసుపు పొడి పట్టి ఉంది. మా గడప దగ్గర అలవాటుగా ఆగింది. అలవాటుగానే నేను మేకు నుంచి కుంచె తీశాను. ఇరవై రెండేళ్లలో ఒక్క రోజూ మానలేదు కదా.

ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనియ్," అంది.

వాళ్ల నాన్న పోయినప్పటి నుంచీ ఒంటి మీద రేణువుంటే నిద్రపట్టని మనిషి. నేను ఆమె మొహం చూశాను. నవ్వుతోంది. కుంచెను మళ్లీ మేకుకు తగిలించాను. ఇద్దరం అలాగే లోపలికి వెళ్లాం.